విల్లు రాయకుండా పోయిన రైతు పొలం: తొలినాటి అమెరికాలో పంపకం ఎలా జరిగేది

తరవాత చదివేవాళ్లకి అర్థం కావాలి కాబట్టి, మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను. మసాచుసెట్స్‌లోని వూస్టర్ కౌంటీలో మీరు పాత ఇల్లు కొన్నారు. కాగితాల్లో 1760ల నాటి పంపకం నకలు ఒకటి దొరికింది. విల్లు రాయకుండా చనిపోయిన రైతుకి భార్య, ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. భార్యకి మూడో వంతు భూమి, ఇంట్లో తూర్పు వైపు గదులు, రొట్టెల పొయ్యి వాడుకునే హక్కు రాశారు. పెద్ద కొడుక్కి రెండు వాటాలు, మిగతావాళ్లకి తలా ఒకటి. ఆ రోజుల్లో అంతా పెద్ద కొడుక్కే పోయేదని, లింకన్ తండ్రికి అలాగే ఏమీ దక్కలేదని మీరు చదివారు. ఏది నిజం, ఆ తూర్పు గదుల హక్కు ఇప్పటికీ మీ ఇంటి మీద ఉందా అన్నది ప్రశ్న.

నేను న్యూ ఇంగ్లండ్‌లో, అంటే మసాచుసెట్స్, కనెక్టికట్ ఉన్న అమెరికా ఈశాన్య ప్రాంతంలో, చాలా ఏళ్లుగా టైటిల్ సెర్చ్ పని చేస్తున్నాను: ఒక భూమి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో పాత రికార్డుల్లో తీసే పని. ఇలాంటి కాగితాలు తరచూ చేతికి వస్తుంటాయి.

ముందు మీ టెన్షన్ తీరుస్తాను. ఆ గదుల మీద ఆవిడకి ఉన్నది బతికినంత కాలం అనుభవించే హక్కు మాత్రమే. మన దస్తావేజుల్లో ‘దాన విక్రయాది హక్కులు లేకుండా యావజ్జీవం అనుభవించవలెను’ అని రాస్తారే, ఇదీ ఆ రకమే. ఆవిడ చనిపోవడంతోనే అది ముగిసిపోయింది. మీరు చూసుకోవాల్సింది వేరే ఉంది: కొడుకుల మధ్య భూమి విడిపోయినప్పుడు ఒకరి ముక్కలోంచి ఇంకొకరికి బండి దారి ఇచ్చారా అని. అది మనిషితో పోదు, భూమితోపాటు వస్తుంది. కాగితంలో దారి మాట ఉంటే మీ లాయర్‌కి చూపించండి.

ఇక అసలు విషయం. ‘ఆ కాలంలో అమెరికాలో’ అని మొదలుపెడితే జవాబు దొరకదు. అప్పట్లో ఇంగ్లండ్ ఏలుబడిలో ఉన్న ఏ కాలనీ, ఏ సంవత్సరం అన్నవి ముందు తేలాలి. ఇంగ్లండ్ చట్టం ప్రకారం విల్లు లేకపోతే భూమి మొత్తం పెద్ద కొడుకుది. వర్జీనియా, దక్షిణాది కాలనీలు, న్యూయార్క్ కూడా, అమెరికా స్వాతంత్ర్య విప్లవం దాకా అదే పట్టుకుని ఉన్నాయి. మసాచుసెట్స్ మాత్రం మొదటి నుంచీ వేరే దారి. 1641లో అక్కడ రాసుకున్న చట్టావళిలోనే, విల్లు లేకపోతే పెద్ద కొడుక్కి రెట్టింపు వాటా అని పెట్టారు. అది బైబిల్లో ద్వితీయోపదేశకాండం 21వ అధ్యాయంలో ఉన్న నియమం. ఆ కాలనీని స్థాపించిన ప్యూరిటన్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు ఇంగ్లండ్ లాయర్ల కంటే మోషే ధర్మశాస్త్రాన్ని ఎక్కువ నమ్మారు. మన ధర్మశాస్త్రాల్లో జ్యేష్ఠభాగం అని పెద్దవాడికి కొంత అదనంగా ఇవ్వడం ఉంది కదా, మనవాళ్లకి ఇది వింతేమీ కాదు. కాలనీకి కొత్త చార్టర్ (రాజు ఇచ్చే పాలనా పత్రం) వచ్చాక 1692లో చేసిన చట్టం దీన్నే వివరంగా మళ్లీ రాసింది. మీ కాగితం ఆ చట్టం కింద పుట్టినదే. కనెక్టికట్, పెన్సిల్వేనియాల్లో కూడా పెద్దవాడికి రెండు వాటాలే.

దీని మీద పెద్ద గొడవే జరిగింది, ఆ రోజుల్లో రైతులకి నిద్ర పట్టనివ్వని గొడవ. వెయిట్ వింత్రాప్ అనే పెద్దమనిషి 1717లో విల్లు రాయకుండా చనిపోయాడు. మసాచుసెట్స్ తొలి గవర్నర్‌కి మనవడు, కనెక్టికట్‌లో బోలెడు భూమి ఉన్నవాడు. కొడుకు జాన్, కూతురు ఆన్. కనెక్టికట్ చట్టం ప్రకారం జాన్‌కి రెండు వంతులు, ఆన్‌కి ఒక వంతు రావాలి. జాన్ ఒప్పుకోలేదు. మేము ఇంగ్లండ్ ప్రజలం, ఇంగ్లండ్ చట్టం ప్రకారం భూమి అంతా నాదే అన్నాడు. ఆన్ భర్త థామస్ లెచ్‌మియర్ కోర్టుకెక్కాడు. కాలనీలో ఓడిపోయిన జాన్ ఓడెక్కి లండన్ వెళ్లి రాజుగారి సలహా మండలి ప్రీవీ కౌన్సిల్‌లో అప్పీలు వేసి, 1728లో గెలిచాడు. కనెక్టికట్ వారసత్వ చట్టం ఇంగ్లండ్ చట్టానికి విరుద్ధం కాబట్టి చెల్లదని తీర్పు.

ఒక అన్నాచెల్లెళ్ల తగాదా అనుకుంటే అంతటితో పోయేది. కానీ ఆ చట్టం కింద అప్పటికి ఎన్నో ఏళ్లుగా పంపకాలు జరిగాయి. తమ్ముళ్లు, చెల్లెళ్లు తీసుకున్న భూములు చేతులు మారాయి, వాటి మీద ఇళ్లు కట్టుకున్నారు. ఆ చట్టమే లేదంటే వాళ్లందరి టైటిల్ గాల్లో ఉన్నట్టే. ఎవడో అన్న మనవడు వచ్చి ‘ఇది మా తాతది’ అనొచ్చు. తర్వాత 1738లో మసాచుసెట్స్ చట్టం మీద అలాంటి కేసే లండన్ వెళ్తే, ఆ చట్టాన్ని గతంలో రాజే ఆమోదించాడని దాన్ని నిలబెట్టారు. 1745లో కనెక్టికట్ నుంచి వెళ్లిన ఇంకో అప్పీలు కొట్టేయడంతో అక్కడా ఊపిరి పీల్చుకున్నారు. మీ కాగితంలో రెండు వాటాలు ఏ అనుమానం లేకుండా రాశారంటే ఈ కేసుల పుణ్యమే.

ఇప్పుడు లెక్క. మీ కాగితంలో పొలం తొంభై ఎకరాలు అనుకుందాం. ముందు భార్యకి మూడో వంతు, ముప్ఫై ఎకరాలు, బతికినంత కాలం. మిగిలిన అరవైని ఆరు వాటాలు చేస్తారు. పిల్లలు అయిదుగురే కానీ పెద్దవాడిది రెండు లెక్క. పెద్దవాడికి ఇరవై, మిగతా నలుగురికి పదేసి. తల్లి పోయాక ఆ ముప్ఫై కూడా అదే లెక్కన, పెద్దవాడికి ఇంకో పది, మిగతావాళ్లకి అయిదేసి. అంటే చివరికి పెద్దవాడికి ముప్ఫై, తక్కినవాళ్లకి పదిహేనేసి. అదే రైతు అదే ఏడాది వర్జీనియాలో చనిపోయి ఉంటే భార్య ముప్ఫై ఎకరాలు అనుభవిస్తుంది, ఆ తర్వాత తొంభై ఎకరాలూ పెద్ద కొడుకువే. చిన్నవాళ్లకి సామాన్లలో, పశువుల్లో, నగదులో మాత్రమే వాటా.

అయితే ఈ లెక్క కాగితం మీదది. పదిహేను ఎకరాలతో న్యూ ఇంగ్లండ్‌లో ఒక కుటుంబం బతకడం కష్టం. ఆ రాళ్ల నేలలో దున్నే భూమి కొంత, ఎద్దులకి గడ్డి బీడు కొంత, ఆరు నెలల చలికి కట్టెల అడవి కొంత, అన్నీ ఉంటేనే అది పొలం. ఆ సంగతి చట్టం రాసినవాళ్లకీ తెలుసు. అందుకే 1692 చట్టంలోనే ఒక వెసులుబాటు పెట్టారు. అందరికీ విడగొడితే ఆస్తి పాడైపోతుందని తేలితే ప్రొబేట్ జడ్జి (చనిపోయినవాళ్ల ఆస్తి వ్యవహారాలు చూసే జడ్జి) మొత్తాన్నీ పెద్ద కొడుక్కి అప్పగించవచ్చు. అతను వద్దంటే తర్వాతి కొడుక్కి. తీసుకున్నవాడు మిగతావాళ్ల వాటాకి సరిపడా డబ్బు ఇవ్వాలి, లేదా గడువు పెట్టుకుని పూచీ రాసివ్వాలి. విలువ కట్టేది ప్రమాణం చేసిన ముగ్గురు భూస్వాములు. భూస్వాములంటే జమీందార్లు కాదు, సొంత భూమి ఉన్న ఇరుగుపొరుగు రైతులే, మన ఊరి పెద్దమనుషుల్లాంటివాళ్లు.

నా చేతికి వచ్చే పంపకాల్లో ఇదే ఎక్కువగా కనిపిస్తుంది. చట్టం పంచింది విలువని, పొలాన్ని కాదు. పొలం ఒకడి చేతిలో ఉండిపోతుంది, అతను ఏళ్ల తరబడి తోబుట్టువులకి బాకీ తీరుస్తూ ఉంటాడు. ఇంట్లో ఉండిపోయినవాడు అదృష్టవంతుడని అనుకుంటాం కానీ, ఆరు వాటాల్లో నాలుగింటికి డబ్బు కట్టాల్సినవాడు అతనే. ఆ కాలంలో నగదు దొరకడమే గగనం. కొందరు ఆ అప్పు తీర్చలేక అదే పొలం తాకట్టు పెట్టేవాళ్లు. డబ్బు తీసుకున్న తమ్ముళ్లు వెర్మాంట్‌కో, న్యూయార్క్ కొండల్లోకో, తర్వాతి తరంలో ఒహాయోకో వెళ్లి చవకగా అడవి కొనుక్కునేవాళ్లు. మీ కాగితంలో ఉన్న చిన్న కొడుకు పేరు తర్వాత మీ ఊరి రికార్డుల్లో కనపడకపోతే కంగారు పడకండి.

కోర్టు పని ఎలా సాగేదో కొంచెం చెప్పాలి, ఎందుకంటే మీ దగ్గరున్నది ఒక పెద్ద కట్టలో చివరి కాగితం మాత్రమే. రైతు చనిపోయాక భార్య గానీ పెద్ద కొడుకు గానీ కౌంటీ ప్రొబేట్ కోర్టుకి వెళ్లి ఆస్తి వ్యవహారం చూసే అధికారం తీసుకుంటారు, జామీనుదార్లతో బాండు రాస్తారు. తర్వాత ఇరుగుపొరుగు ముగ్గురు వచ్చి ఇల్లంతా తిరిగి జాబితా రాస్తారు. నన్నడిగితే ఈ జాబితా మొత్తం కట్టలోకి రుచైన కాగితం. పరుపులు, తగరపు పళ్లాలు, కొడవళ్లు, ఎద్దుల జత, సగం పీపా సైడర్, చర్చిలో కూర్చునే బల్ల మీద హక్కు, అన్నిటికీ ధర కడతారు. ఆ పరుపు ఏ గదిలో ఉందో కూడా కొన్నిసార్లు రాస్తారు కాబట్టి, మీ ఇల్లు అప్పట్లో ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే దీన్ని మించినది లేదు.

ఆ తర్వాత అప్పులు. ముందు సామాన్లు అమ్మి తీరుస్తారు. చాలకపోతే కోర్టు అనుమతితో కొంత భూమి అమ్ముతారు. ఇంగ్లండ్‌లో మామూలు అప్పులకి భూమి జోలికి వెళ్లడం అంత తేలిక కాదు, కానీ 1732లో పార్లమెంటు చేసిన చట్టంతో కాలనీల్లో భూమి కూడా అప్పుకి జవాబు చెప్పాల్సి వచ్చింది. లండన్ వ్యాపారుల ఒత్తిడి మరి. అప్పులు పోగా మిగిలితేనే పంపకం. తండ్రి బతికుండగా పెళ్లికి కూతురికి ఇచ్చిన మంచం, ఆవు, లేదా కొడుక్కి ముందే రాసిచ్చిన ముక్క ఉంటే అవి వాళ్ల వాటాలోంచి తీసేస్తారు. పిల్లలు మైనర్లయితే గార్డియన్‌ని పెడతారు. పద్నాలుగు దాటినవాళ్లు గార్డియన్‌ని తామే ఎంచుకోవచ్చు. పెళ్లయిన కూతురి వాటా విషయానికొస్తే, అది ఆమె పేరు మీద లెక్కలో కనిపిస్తుంది కానీ డబ్బు అందుకుని రసీదు మీద సంతకం పెట్టేది అల్లుడు. భార్య నగదూ సామానూ భర్తవే అనేది అప్పటి చట్టం.

భూమి కొలిచింది గొలుసుతో. 66 అడుగులు, 100 లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. ఇదే గొలుసు బ్రిటిష్‌వాళ్లతో మన దగ్గరికీ వచ్చింది. తెలంగాణలో గుంట అంటే అర గొలుసు పొడవు, అర గొలుసు వెడల్పు. ఆంధ్రలో సెంటు అంటే వెయ్యి చదరపు లింకులు. కాబట్టి మీ కాగితంలో కొలతలు చూసి భయపడకండి. రాడ్ అని ఉంటే అది గొలుసులో నాలుగో వంతు, పదహారున్నర అడుగులు. హద్దులు మాత్రం ‘గుర్తు కొట్టిన తెల్ల ఓక్ చెట్టు నుంచి రాళ్ల కుప్ప దాకా’ అన్న తరహాలో ఉంటాయి. ఆ చెట్టు ఇప్పుడుండదు, రాళ్ల గోడ ఉండొచ్చు.

భార్య మూడో వంతుకి డవర్ అని పేరు. మీ కాగితంలో ‘విడోస్ థర్డ్స్’ అని ఉండి ఉంటుంది. మూడో వంతు అంటే ఎకరాల్లో మూడో వంతే కానక్కర్లేదు, రాబడిలో మూడో వంతు వచ్చేలా విడదీస్తారు. కొలిచేది మళ్లీ ఇరుగుపొరుగు రైతులే. వాళ్లు ఇంటిని కూడా వదలరు: తూర్పు గది, దాని మీద గది, నేలమాళిగలో సగం, బావికి వెళ్లే దారి, పొయ్యిలో రొట్టె కాల్చుకునే హక్కు, కొట్టంలో ఆవుకి చోటు. చదివితే నవ్వొస్తుంది కానీ కోడలు, అత్త ఒకే కప్పు కింద ఉండబోతున్నారు. రాయకపోతే రేపు పొయ్యి దగ్గరే గొడవ. పక్కింటి రైతులకి ఆ సంగతి జడ్జి కంటే బాగా తెలుసు.

ఆవిడ ఆ భాగాన్ని కౌలుకి ఇచ్చుకోవచ్చు, శాశ్వతంగా అమ్మలేదు. వాడకానికి కట్టెలు కొట్టుకోవచ్చు, అడవి నరికేయకూడదు. ఈ నియమం ఎంత దూరం వెళ్లిందంటే, 1818లో మసాచుసెట్స్ అత్యున్నత కోర్టు, ఇంకా సాగులోకి రాని అడవి భూమిలో వితంతువుకి మూడో వంతే లేదంది. చెట్లు కొడితే ఆస్తిని పాడు చేసినట్టవుతుంది, కొట్టకపోతే ఆ భూమి ఆవిడకి దేనికీ పనికిరాదు, కాబట్టి ఇవ్వనక్కర్లేదట. ఆవిడ మేలు కోసం పెట్టిన హక్కుని ఆవిడ మీదకే తిప్పిన తర్కం.

మీరు వెతికేటప్పుడు చాలామంది పొరపడే చోటు ఇదే: ఒక్క పొలానికి రెండు పంపకాలుంటాయి. రైతు పోయినప్పుడు ఒకటి, ఎన్నో ఏళ్ల తర్వాత భార్య పోయాక ఆ మూడో వంతు మీద ఇంకొకటి. ఈలోగా ఒక కొడుకు చనిపోయి ఉంటే అతని పిల్లలు వస్తారు. తల్లి బతికుండగానే రేపు తనకి రాబోయే వాటాని తమ్ముడు అన్నకి అమ్మేసి ఉండొచ్చు. రెండో పంపకం దొరక్కపోతే అన్న పేరు మీద ఉన్న రిలీజ్ దస్తావేజులు (తోబుట్టువులు వాటా వదులుకుంటూ రాసినవి) వెతకండి. చాలాసార్లు జవాబు అక్కడే ఉంటుంది.

విల్లు రాసినవాళ్ల సంగతి వేరు, అక్కడ తండ్రి ఇష్టం. మామూలుగా భూమి కొడుకులకి, కూతుళ్లకి పరుపు, ఆవు, కొంత డబ్బు. ఇల్లు తీసుకున్న కొడుకు తల్లికి ఏడాదికి ఎన్ని బుషెళ్ల మొక్కజొన్న, ఎన్ని బళ్ల కట్టెలు ఇవ్వాలో, చర్చికి వెళ్లడానికి గుర్రం ఇవ్వాలో లేదో అన్నీ రాసేవాళ్లు.

లింకన్ విషయం నిజమే. ప్రెసిడెంట్ తాత, ఆయన పేరూ అబ్రహామే, 1786 మే నెలలో కెంటకీలో పొలంలో పని చేసుకుంటుంటే నేటివ్ అమెరికన్ల దాడిలో చనిపోయాడు. విల్లు లేదు. అయిదు వేల ఎకరాలకు పైగా భూమి మీద హక్కులున్నాయి, అయిదుగురు పిల్లలు. కెంటకీ అప్పటికింకా వర్జీనియాలో భాగం. వర్జీనియా శాసనసభ పెద్ద కొడుక్కే అంతా అనే పద్ధతిని 1785లోనే రద్దు చేసింది, కానీ ఆ చట్టం అమలు 1787 జనవరి 1 నుంచి. ఏడు నెలల పైచిలుకు తేడా. భూమంతా పెద్ద కొడుకు మోర్డెకైకి వెళ్లింది. ఎనిమిదేళ్ల చిన్న కొడుకు థామస్‌కి ఏమీ రాలేదు. తన తండ్రి చిన్నతనంలోనే ఊళ్లు తిరిగే కూలి పిల్లవాడయ్యాడని ప్రెసిడెంట్ తర్వాత రాసుకున్నాడు. ఆ థామస్ పెద్దయ్యాక సొంతంగా కెంటకీలో భూమి కొంటే అక్కడ టైటిల్ తగాదాలు. చెట్లూ వాగులూ హద్దులుగా ఒకరి మీద ఒకరు రాయించుకున్న భూములవి. చివరికి 1816లో ఇండియానాకి వెళ్లిపోయాడు, ముఖ్యంగా టైటిళ్ల బాధ పడలేక అని కొడుకే చెప్పాడు. ఇండియానాలో చాలావరకు ప్రభుత్వం ముందే చదరాలుగా కొలిచి అమ్మిన భూమి. పైగా ఆ ప్రాంతానికి 1787 నార్త్‌వెస్ట్ ఆర్డినెన్స్‌లోనే, విల్లు లేకపోతే పిల్లలందరికీ సమానంగా, భార్యకి మూడో వంతు భూమి జీవితకాలానికి అని రాసిపెట్టారు.

వర్జీనియా చట్టం మార్పు వెనక, తర్వాత ప్రెసిడెంట్ అయిన జెఫర్సన్ ఉన్నాడు. పెండిల్టన్ అనే పెద్దాయన, పోనీ బైబిల్ పద్ధతిలో పెద్దవాడికి రెండు వాటాలైనా ఉంచుదామని బతిమాలాడట. పెద్దవాడు రెండింతలు తింటే, రెండింతలు పని చేస్తే అలాగే ఇద్దాం అని జెఫర్సన్ జవాబు. విప్లవం తర్వాత ఒక్కో రాష్ట్రం ఇదే దారి పట్టింది. జార్జియా 1777లో రాజ్యాంగంలోనే సమాన వాటాలు పెట్టింది. మసాచుసెట్స్ రెండు వాటాల పద్ధతిని 1789లో తీసేసింది, కనెక్టికట్ 1792లో, పెన్సిల్వేనియా 1794లో. కాబట్టి మీ ఇంటి రికార్డుల్లో 1789 తర్వాత చనిపోయిన వాళ్ల పంపకాల్లో పెద్ద కొడుకు మామూలు కొడుకే.

ఒక విషయం దాటేస్తే ఈ సమాధానం అబద్ధమవుతుంది. దక్షిణాదిలో పంచింది భూమినే కాదు. వర్జీనియా 1705 చట్టం బానిసలని వారసత్వం కోసం స్థిరాస్తిగా లెక్కగట్టింది, అంటే భార్య మూడో వంతులో మనుషులు కూడా వస్తారు. జార్జ్ వాషింగ్టన్ భార్య మార్తా మొదటి భర్త డేనియల్ కస్టిస్ 1757లో విల్లు లేకుండా చనిపోయాడు. ఆయన బానిసల్లో మూడో వంతు ఆమె జీవితకాలానికి వచ్చింది. తర్వాత ఆమె జార్జ్ వాషింగ్టన్‌ని పెళ్లి చేసుకుంది. 1799లో వాషింగ్టన్ విల్లు రాస్తూ తన సొంత బానిసలకి విడుదల రాశాడు కానీ తన ఎస్టేట్ మౌంట్ వెర్నన్‌లో ఉన్న 153 మంది డవర్ బానిసల జోలికి చట్టప్రకారం వెళ్లలేకపోయాడు. వాళ్లు కస్టిస్ వారసులకి చెందుతారు. రెండు గుంపుల మధ్య పెళ్లిళ్లయి పిల్లలున్నారు. 1802లో మార్తా పోయాక ఆ వారసులైన నలుగురు మనవలు వాళ్లని పంచుకున్నారు. భర్తకి విడుదల, భార్యాపిల్లలకి బానిసత్వం అన్న కుటుంబాలు ఆ పంపకంలో తేలాయి. మీ ఇంటి తూర్పు గదికి, వీళ్ల తలరాతకి వెనకున్నది ఒకటే డవర్ సూత్రం.

వెతకడానికి వస్తే, భూమి దస్తావేజులు రిజిస్ట్రీ ఆఫ్ డీడ్స్‌లో, పంపకం కట్టలు ప్రొబేట్ కోర్టు రికార్డుల్లో విడివిడిగా ఉంటాయి, రెండూ చూడాలి. వూస్టర్ కౌంటీ 1731లో ఏర్పడింది. మీ రైతు తండ్రి అంతకుముందే చనిపోయి ఉంటే ఆ కట్ట సఫోక్‌లోనో, మిడిల్‌సెక్స్‌లోనో, హ్యాంప్‌షైర్‌లోనో ఉంటుంది, ఊరు అప్పుడు ఏ కౌంటీలో ఉందన్న దాన్ని బట్టి. ముందు ఆ 1760ల రైతు పేరు మీద సామాన్ల జాబితా తీయించండి, తర్వాత ఆయన భార్య పేరు మీద వెతకండి. మళ్లీ పెళ్లి చేసుకుని ఉంటే ఇంటిపేరు మారి ఉంటుంది. దారి హక్కు మాట ఎక్కడైనా కనిపిస్తే ఆ వాక్యం ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.